‘తో’ నుంచి ‘వలన’కు: ఒక వ్యాధిసంకేతం చరిత్ర

బడిలో విభక్తుల పట్టిక వల్లెవేసిన వారికి గుర్తుండే ఉంటుంది: చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయ, వలనన్, కంటెన్, పట్టి పంచమి. ‘రక్తపోటుతో మూత్రపిండవ్యాధి’ అంటే ఆ రెండూ ఒకే మనిషిలో కనిపించాయని మాత్రమే అర్థం. ‘రక్తపోటు వలన మూత్రపిండవ్యాధి’ అంటే ఒకటి కారణం, మరొకటి కార్యం. మొదటిది చూసినవాడు చెప్పగల మాట. రెండవది విచారించినవాడు మాత్రమే చెప్పవలసిన మాట. ఆస్పత్రుల రికార్డుల్లోనూ బీమా బిల్లుల్లోనూ మరణాల నమోదులోనూ ప్రపంచమంతటా వాడే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ సవరణలో ఐ12 అనే సంకేతం ఉంది. రక్తపోటు వలన కలిగిన మూత్రపిండవ్యాధికి అది గుర్తు. ఈ రెండు విభక్తుల మధ్య ఉన్న దూరాన్ని ఆ సంకేతం, దానిని వాడే నియమం కలిసి చాలావరకు చెరిపివేశాయి.

ఇది గుమాస్తాల గొడవ అనిపించవచ్చు. కాని ఈ సంకేతంతో తెలుగువారికున్నంత సంబంధం చాలామందికి ఉండదు. కువైట్‌లో దాదాపు పది లక్షలమంది భారతీయులుంటే, వారిలో కడప, అన్నమయ్య, చిత్తూరు, గోదావరి జిల్లాలనుంచి వెళ్ళినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు, నిర్మాణ కూలీలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని మూత్రపిండవ్యాధి ఊళ్ళకు ఊళ్ళను పట్టుకుంది. అక్కడివారూ గల్ఫ్‌కు వలస పోతారు. ఇక హైదరాబాదు, విశాఖపట్నాల్లో వేలాది తెలుగు యువతీయువకులు మెడికల్ కోడర్లుగా ప్రతిరోజూ అమెరికా రోగుల కాగితాలు చదివి ఇదే సంకేతాన్ని వేస్తుంటారు. రోగి, రోగం, రోగానికి పేరు పెట్టే ఉద్యోగి – ముగ్గురూ మనవాళ్ళే అయిన సందర్భం ఇది.

గైస్ ఆస్పత్రిలో మొదలైన ప్రశ్న

1827లో లండన్ గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ తన రోగుల వివరాలను గ్రంథంగా ప్రచురించాడు. ఒళ్ళు నీరుపట్టి ఉబ్బిన రోగులు. వేడిచేస్తే గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టే వారి మూత్రం. చనిపోయాక కోసి చూస్తే గట్టిపడి, గరుకుతేలి ఉన్న మూత్రపిండాలు. అంతవరకు విడివిడిగా ఉన్న ఈ మూడింటినీ ఆయన ఒక్క వ్యాధిగా ముడివేశాడు. తరువాత దాదాపు వందేళ్ళపాటు లోకం దానిని ‘బ్రైట్ వ్యాధి’ అనే పిలిచింది. 1836లో ఆయన మరో సంగతి గమనించాడు. ఈ రోగుల్లో చాలామందికి గుండె ఎడమభాగం దళసరిగా పెరిగి ఉంది. గుండె కవాటాల్లో లోపం లేదు. మరి ఎందుకు పెరిగింది? మూత్రపిండం చెడితే రక్తం గుణం మారుతుంది, మారిన రక్తాన్ని సన్నని నాళాల గుండా నెట్టడానికి గుండె మరింత శ్రమపడవలసి వస్తుంది అని ఆయన ఊహించాడు. అంటే మూత్రపిండం ముందు, ఒత్తిడి వెనుక. రక్తపోటును కొలిచే సాధనమే లేని రోజుల్లో చేసిన ఊహ అది.

ఈ క్రమాన్ని తలకిందులు చేసినవాడు అదే ఆస్పత్రిలో పనిచేసిన ఫ్రెడరిక్ అక్బర్ మొహమద్. ఆయన తాత షేక్ దీన్ మహమ్మద్ పట్నావాడు. ఆంగ్లంలో పుస్తకం ప్రచురించిన తొలి భారతీయుడు, 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచినవాడు, ఆ తరువాత బ్రైటన్‌లో ఆవిరిస్నానాల శాల నడిపినవాడు. తాత చరిత్ర ఇప్పుడు అందరూ రాస్తున్నారు. మనవడి సంగతి వైద్యచరిత్రకారులకు తప్ప తెలియదు. 1849లో పుట్టిన ఈ మనవడు విద్యార్థిగా ఉండగానే నాడీలేఖిని అనే పరికరాన్ని సవరించి, మణికట్టు నాడి కదలికను కాగితంమీద గీతగా పట్టుకున్నాడు. ఎర్రజ్వరం వచ్చిన పిల్లల నాడిని రోజూ గీయించగా, మూత్రంలో తెల్లసొన పదార్థం కనిపించడానికి ముందే నాడిలో ఒత్తిడి పెరగడం ఆ గీతల్లో తేలింది. ఆ తరువాత, మూత్రపిండాలలో ఏ లోపమూ లేనివారిలో కూడా ఏళ్ళ తరబడి నాడీ ఒత్తిడి హెచ్చుగా ఉంటుందనీ, మూత్రపిండాలు చెడేది ఆ తరువాతేననీ ఆయన వాదించాడు. ఒత్తిడి ముందు, మూత్రపిండం వెనుక. ఈనాడు మనం ‘బీపీ’ అనే జబ్బు ఒకటి విడిగా ఉందని అనుకుంటున్నామంటే, ఆ ఆలోచనకు మూలపురుషుల్లో ఆయన ఒకడు.

ఆయన చేసిన మరొక పని మన విషయానికి ఇంకా దగ్గరిది. ఒక్క ఆస్పత్రిలో ఒక్క వైద్యుడు చూసే రోగుల సంఖ్య ఇలాంటి ప్రశ్నలను తేల్చదని గ్రహించి, బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున దేశమంతటా సామాన్య వైద్యులకు ప్రశ్నలు అచ్చువేసిన కార్డులు పంపి, రోగుల వివరాలు నింపించి తెప్పించే ఏర్పాటు చేశాడు. సామూహిక పరిశోధన అని దానికి పేరు. ఎవరు చూసినా ఒకే ప్రశ్నలు, ఒకే గడులు, ఆపైన లెక్క. వైద్యపత్రాల చరిత్రలో అదొక పెద్ద మలుపు. 1884లో టైఫాయిడ్‌తో ఆయన చనిపోయాడు. అప్పటికి వయసు 35.

మిగతా కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1896లో రీవా రోచ్చి చేతికి కట్టే పట్టీని రూపొందించాడు. 1905లో కొరట్కోవ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి వినవలసిన శబ్దాలను వివరించాడు. 1914లో జర్మనీలో ఫోల్‌హార్డ్, ఫార్ అనే ఇద్దరు బ్రైట్ వ్యాధిని ముక్కలుగా విడదీసి, రక్తపోటువల్ల మూత్రపిండపు సన్నని నాళాలు బిరుసెక్కడాన్ని ఒక ప్రత్యేక వర్గంగా నిలబెట్టారు. దాంతో మొహమద్ పక్షం గెలిచినట్టయింది. 1934లో క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనికి బిగింపు పెట్టి, రక్తం అందక మూత్రపిండమే రక్తపోటును పెంచుతుందని చూపాడు. బ్రైట్ పక్షం మళ్ళీ లేచింది. ఇద్దరూ నిజమే చెప్పారన్నది నేటి అవగాహన. హెచ్చు ఒత్తిడి మూత్రపిండాన్ని చెరుస్తుంది. చెడిన మూత్రపిండం ఒత్తిడిని పెంచుతుంది. పెరిగిన ఒత్తిడి మిగిలిన దానినీ చెరుస్తుంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న చందం.

అయితే చెట్టూ విత్తూ సామెతలాగా ఇది తేలని చిక్కు కాదు. ఫలానా మనిషిలో ఏది ముందు మొదలైందో సాధారణంగా తెలుసుకోవచ్చు. అందుకు కావలసింది తేదీలు. ఏ ఏడు బీపీ ఎంత ఉంది, ఏ ఏడు మూత్రంలో ప్రోటీన్ కనిపించింది, రక్తంలో క్రియాటినిన్ ఎప్పుడు ఎక్కింది అన్న వరుస ఉంటే క్రమం కనిపిస్తుంది. వరుస లేకపోతే, రెండూ ముదిరిన దశలో ఆస్పత్రికి వచ్చిన మనిషిని చూసి నిపుణుడైనా ఊహించవలసిందే. అప్పటికి మూత్రపిండాలు చిన్నవై ముడుచుకుని ఉంటాయి. ముక్క తీసి పరీక్షించడం ప్రమాదం, ప్రయోజనమూ తక్కువ. అందువల్ల రక్తపోటు వలన అన్న నిర్ధారణ ఎక్కువసార్లు నేరుగా చేసింది కాదు. షుగరు లేదు, రాళ్ళు లేవు, వేరే కారణం కనబడలేదు, బీపీ ఉంది, కనుక అదే అనుకున్నది.

పట్టికలో చోటు

మరణకారణాలకు అంతర్జాతీయ జాబితా ఉండాలన్న ప్రయత్నం 1850లలోనే మొదలైంది. 1855 పారిస్ గణాంక మహాసభ ముందుకు రెండు జాబితాలు వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన విలియం ఫార్ అవయవ స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకునే వర్గీకరణ తెచ్చాడు. జెనీవాకు చెందిన మార్క్ దెస్పీన్ వ్యాధి స్వభావాన్నిబట్టి విభజించాడు. 1893లో జాక్ బెర్తియోఁ షికాగోలో సమర్పించిన జాబితా నిలబడింది. బ్రైట్ వ్యాధికి అందులో సొంత పద్దు ఉండేది. 1948లో ఆరవ సవరణతో ఈ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. తొమ్మిదవ సవరణలో రక్తపోటు మూత్రపిండవ్యాధి సంఖ్య 403. 1990లో ఆమోదం పొందిన పదవ సవరణలో ఐ12.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది చోటు. మూత్రపిండ వ్యాధులన్నీ ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యే పద్నాలుగవ అధ్యాయంలో ఉంటాయి. దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి అక్కడ ఎన్18. కాని ఐ12 ఉన్నది రక్తప్రసరణ వ్యాధుల అధ్యాయంలో, గుండెపోటు, పక్షవాతాల సరసన. మూత్రపిండాలు చెడి చనిపోయిన మనిషి కాగితంమీద రక్తపోటు మాట కూడా ఉంటే, లెక్కలో అతడు మూత్రపిండాల అధ్యాయాన్ని విడిచి గుండె అధ్యాయంలోకి వెళ్తాడు. రెండవది విభక్తి. ఎన్18 వంటి మూత్రపిండ వైఫల్యపు సంకేతం, ఐ10 అనే సాధారణ రక్తపోటు సంకేతం ఒకే పత్రంలో కలిసి వస్తే వాటిని ఐ12 కింద జతచేయాలని వర్గీకరణే చెబుతుంది. అందుకు ఎదురుదిశ కూడా పట్టికలో ఉంది: మూత్రపిండం వలన వచ్చిన రక్తపోటుకు ఐ15 కింద విడి సంకేతాలున్నాయి. అయితే వాటికి వైద్యుడు నోరు విప్పి చెప్పాలి. ఏమీ చెప్పకపోతే ఐ12. అంటే బ్రైట్ పక్షానికి సాక్ష్యం కావాలి, మొహమద్ పక్షానికి అక్కరలేదు. మొహమద్ స్వయంగా దీనికి ఒప్పుకునేవాడా అన్నది అనుమానమే. రోజువారీ గీతలు లేకుండా ఆయన ఏదీ చెప్పలేదు.

అమెరికా ఈ పట్టికను విస్తరించుకుని తనదైన రూపాన్ని 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. దాని మార్గదర్శకాల్లో ఈ విషయం మరింత తేటగా ఉంటుంది. పట్టిక అకారాదిలో ‘తో’ అన్న మాట ఎక్కడ ఉన్నా దానిని ‘సంబంధంగా’ అని గాని ‘వలన’ అని గాని చదువుకోవాలి. రక్తపోటు, దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి రెండూ ఉన్నాయని వైద్యుడు రాస్తే, ఆ రెంటినీ ఆయన కలిపి చెప్పకపోయినా, కోడరు కార్యకారణ సంబంధం ఉన్నట్టే సంకేతం వేయాలి. సంబంధం లేదని స్పష్టంగా రాసి ఉంటే మాత్రమే విడదీయాలి. తృతీయను పంచమిగా చదవమని చెప్పే వ్యాకరణసూత్రం ఇది.

అమీర్‌పేటలో కోడింగ్ శిక్షణ పొందినవారు మొదటి నెలల్లోనే నేర్చుకునే సూత్రం కూడా ఇదే. ఇతర వ్యాధుల విషయంలో కోడరుకు నేర్పే మొదటి నీతి, రాయనిది ఊహించకు అని. రోగి వేసుకునే మందును చూసి జబ్బును ఊహించకూడదు, పరీక్ష అంకెను చూసి నిర్ధారణ చేయకూడదు. ఈ ఒక్క చోట, మరికొన్ని చోట్ల, ఊహించకపోతే తప్పు. వైద్యుడు ఒక వరుసలో హైపర్‌టెన్షన్ అనీ, నాలుగు వరుసల కింద మూత్రపిండవ్యాధి మూడవ దశ అనీ రాస్తే కోడరు ఐ12.9 వేసి, దశను తెలపడానికి ఎన్18 కింది సంకేతాన్ని జతచేస్తాడు. వ్యాధి అయిదవ దశకు చేరినా, డయాలిసిస్‌పై ఆధారపడినా ఐ12.0. షుగరు కూడా ఉంటే దానికీ ఇలాంటి నియమమే ఉంది గనుక ఒకే మూత్రపిండానికి రెండు కారణాలు నమోదవుతాయి. సందేహం ఉంటే వైద్యుణ్ణి లిఖితపూర్వకంగా అడగవచ్చు. రోజుకు ఇన్ని ఛార్టులు పూర్తిచేయాలన్న లక్ష్యం నెత్తిన ఉన్నవాడు, నియమమే సమాధానం ఇచ్చినచోట ప్రశ్న ఎందుకు వేస్తాడు?

నియమం పెట్టినవారిని దుయ్యబట్టనక్కరలేదు. వైద్యులు సగం సగం రాస్తారు. లక్షలాది కాగితాలను ఒకే తీరుగా లెక్కించాలంటే మౌనానికి ఒక అర్థం నిర్ణయించుకోక తప్పదు. చిక్కు ఎక్కడంటే, లెక్కకోసం నిర్ణయించుకున్న అర్థం కొంతకాలానికి విజ్ఞానంగా చలామణీ అవుతుంది. డయాలిసిస్ మొదలుపెట్టిన రోగుల మూలవ్యాధిని చూస్తే అమెరికాలో నాలుగోవంతుకు పైగా రక్తపోటు వలన అని నమోదయ్యేది. అదే కాలంలో బ్రిటన్‌లో ఆ వాటా పదోవంతుకు లోపే. రెండు దేశాల ప్రజల మూత్రపిండాల మధ్య అంత తేడా ఉంటుందా? కొంత తేడా జనాభాది. కాని చాలాభాగం రాసే అలవాటుది. ఐరోపా మూత్రపిండ రోగుల పట్టీలో పూర్వం మూలవ్యాధి సంకేతాల వరుసలో సున్నా సున్నాకు ప్రత్యేకమైన అర్థం ఉండేది: కారణం తెలియదు. తెలియదు అని రాయడానికి ఒక గడి ఉంటే వైద్యుడు రాస్తాడు. లేకపోతే పక్క గడి నింపుతాడు.

2010లో మరో సంగతి బయటపడింది. అమెరికాలో నల్లజాతివారికి రక్తపోటు వలన మూత్రపిండాలు ఎక్కువగా చెడతాయని దశాబ్దాలుగా రాస్తూ వచ్చారు. ఏపీఓఎల్1 అనే జన్యువులో పశ్చిమాఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే రెండు మార్పులకు, ఆ వ్యాధికి గాఢమైన సంబంధం ఉందని ఆ ఏడు సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. అంటే రక్తపోటు వలన అని రాసిన వాళ్ళలో చాలామందికి మూత్రపిండంలోనే పుట్టిన వ్యాధి ఉంది; రక్తపోటు దాని వెంట వచ్చింది. అన్నేళ్ళూ వారికి వైద్యులు చెప్పింది, మీరు బీపీ అదుపులో పెట్టుకోలేదని.

ఉద్దానం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడితోటల ఈ ప్రాంతంలో మూత్రపిండవ్యాధి గురించి పాతిక సంవత్సరాలుగా వింటున్నాం. షుగరు లేదు, మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు, తొలిదశలో బీపీ చాలామందికి మామూలుగానే ఉంటుంది. నీటిలో సిలికా, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పిమాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో ఊహలు వచ్చాయి, ఒక్కటీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల మూత్రపిండ పరిశోధనకేంద్రం, ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతంలోనూ మధ్య అమెరికా చెరకుతోటల్లోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. ఎల్ సాల్వడార్ రాజధానిలోని రొసాలెస్ ఆస్పత్రి వైద్యులు తమ దగ్గరకు వస్తున్న యువ కూలీల మూత్రపిండ వైఫల్యానికి తెలిసిన కారణాలేవీ సరిపోవడం లేదని 2002లోనే ప్రకటించారు.

ఈ వ్యాధికి పదవ సవరణలో సొంత సంకేతం లేదు. ఎన్18 కింద చివరనున్న ఎన్18.9లో ‘నిర్దేశించని’ అన్న మాట కనబడుతుంది గాని, నిర్దేశించనిది దశ మాత్రమే, కారణం కాదు. పైగా ముదిరిన మూత్రపిండవ్యాధి ఏదైనా రక్తపోటును తెస్తుంది. ఉద్దానం రోగి ఆస్పత్రి గడప తొక్కేది ఎక్కువగా ఆ దశలోనే. అప్పుడు అతని కాగితంమీద రెండు మాటలూ ఉంటాయి. వర్గీకరణ సూత్రం ప్రకారం అతడు ఐ12. మరోవైపు సర్వేలు చేసే పరిశోధకులు కారణం తెలియని వ్యాధిని లెక్కించేటప్పుడు బీపీ ఒక హద్దు మించినవారిని తీసివేస్తారు. హద్దు ఎక్కడ గీస్తే అక్కడికి వ్యాధి పెరుగుతుంది, తరుగుతుంది. ఊరివాళ్ళు మాత్రం దానిని ‘కిడ్నీ జబ్బు’ అంటారు. కారణం జోలికి పోని ఆ మాట ఒక విధంగా అన్ని సంకేతాలకంటే నిజాయితీగలది.

కువైట్

చమురుకు ముందటి కువైట్‌లో ఆధునిక వైద్యం అంటే అమెరికన్ మిషన్ ఆస్పత్రి. 1910ల నుంచి అర్ధశతాబ్దంపాటు అది పనిచేసింది. ప్రభుత్వ అమీరీ ఆస్పత్రి 1949లో వచ్చింది. 1961 దాకా అక్కడ చలామణీలో ఉన్నది రూపాయే. 1973 తరువాత చమురు ధర పెరగడంతో పని పెరిగింది. రాయలసీమ కరువుపల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి జనం కదిలారు. 1979లో కువైట్‌లో తొలి మూత్రపిండ మార్పిడి జరిగింది. మూత్రపిండవైద్యంలో ఆ దేశం వెనకబడినదేమీ కాదన్నది గుర్తుంచుకోవాలి.

అక్కడి ఎండ మన రోహిణికార్తెను మించినది. 2016 జూలై 21న మిత్రిబాలో నమోదైన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ తరువాత ధ్రువీకరించింది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఆరుబయట పని నిషేధం. కాని అక్కడ రాత్రివేడి కూడా తక్కువది కాదు; పదకొండు గంటలకు ముందు పనిచేసినవాడికి చెమట తక్కువ పట్టదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గుతుంది. కండరాలు అలసి కరిగిన పదార్థం వాటిమీదనే పడుతుంది. ఒళ్ళునొప్పులకు వేసుకునే మాత్రలు ఆ రక్తప్రవాహాన్ని మరింత తగ్గిస్తాయి. ఒక్కరోజు దెబ్బ మానుతుంది. ఏళ్ళ తరబడి పడే దెబ్బ మచ్చగా మిగిలిపోతుందా అన్నదే మధ్య అమెరికా పరిశోధకుల ప్రశ్న.

2020లో సర్క్యులేషన్ అనే వైద్యపత్రికలో కువైట్ మరణాలమీద ఒక అధ్యయనం వెలువడింది. 2010 నుంచి 2016 వరకు రక్తప్రసరణ వ్యాధులతో సంభవించిన మరణాలను రోజువారీ వేడిమితో పోల్చి, తీవ్రమైన వేడిరోజుల్లో ఆ మరణాలు ఎన్నో రెట్లు పెరుగుతున్నాయనీ, పురుషులలోనూ పనిచేసే వయసువారిలోనూ ఆ పెరుగుదల ఎక్కువనీ చూపింది. విలువైన పని. అయితే మనం పైన చూసిన చోటు సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి: వర్గీకరణ ప్రకారం ఐ12 రక్తప్రసరణ అధ్యాయానికే చెందుతుంది. వేడికి మొదట లొంగింది గుండెనా, మూత్రపిండమా అన్నది అధ్యాయాల లెక్కలో కనిపించదు. ఎండలో పనిచేసి మూత్రపిండాలు చెడి, వాటి వెంట బీపీ వచ్చి చనిపోయినవాడు, పుట్టుకతో వచ్చిన బీపీతో చనిపోయినవాడు అక్కడ ఒక్కటే.

ఇందులో అందరినీ ఎండకూలీలుగా ఊహించడం పొరపాటు. కువైట్‌లో తెలుగు స్త్రీలు చేసేది ఎక్కువగా ఇంటిపని. ఏసీ గదుల మధ్య తెల్లవారుజాము నుంచి నడిరాత్రి వరకు. వారిలో నలభై దాటినవారికి బీపీ ఉంటే, ఆస్పత్రికి వెళ్ళాలన్నా యజమానురాలి తీరిక చూసుకోవాలి. ఇలాంటివారి మూత్రపిండాలు నిజంగానే మందులేని రక్తపోటు వలన చెడవచ్చు. ఐ12 అబద్ధమని నా వాదన కాదు. ఆ సంకేతం కొందరి విషయంలో నూటికి నూరుపాళ్ళు నిజం. ఎవరి విషయంలో నిజమో కాగితం చెప్పలేకపోవడమే సమస్య.

కాగితం ఏం చెబుతుందన్నదానిమీద డబ్బు ఆధారపడి ఉంది. వలసవెళ్ళే శ్రామికులకు భారతప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల రూపాయలు వచ్చేది ప్రమాదమరణానికీ శాశ్వత వైకల్యానికీ. జబ్బుచేసి చనిపోయినవారికి కాదు. కువైట్‌లో 2010 నాటి 6వ కార్మికచట్టం వృత్తివ్యాధులకు పరిహారం అంటుంది. ఇంటిపనివారు ఆ చట్టం కిందికి రారు, వారికి 2015 నాటి 68వ చట్టం వేరే ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో తీవ్రమైన ఉష్ణోగ్రతలవల్ల కలిగే వ్యాధులకు చోటుంది. రక్తపోటుకు మాత్రం ఏ యజమానీ బాధ్యుడు కాడు. అది మనిషి ఒంట్లోది, తిండిది, వంశానిది. రక్తపోటు వలన అని రాసిన క్షణంలో పని, ఎండ, గది, జీతం అన్నీ కాగితంనుంచి తప్పుకుంటాయి. ఈ దృష్టితో చూస్తే, 2023 డిసెంబరు 7 తరువాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణవారి కుటుంబాలకు కారణంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షలు ఇవ్వాలన్న తెలంగాణ ప్రభుత్వ నిర్ణయం కారణం గడిని పక్కకు నెట్టిన తెలివైన నిర్ణయం. అయితే అది చనిపోయినవారికి. డయాలిసిస్ మీద బతికి తిరిగివచ్చినవారి ప్రశ్న అలాగే ఉంది.

2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండవ సవరణలో ఈ వ్యాధి సంఖ్య బీఏ02. మారింది సంఖ్యే, రక్తప్రసరణ అధ్యాయంలోని చోటు మారలేదు. ఒక సంకేతానికి మరో సంకేతాన్ని జోడించి వివరం పెంచే వీలు మాత్రం కొత్త సవరణలో ఎక్కువగా ఉంది. జోడించడానికి ముందు ఎవరో ఒకరు రాసి ఉండాలి గదా.

అలా రాసిన కాగితం ఒకటి నిజానికి ఉంది. గల్ఫ్‌కు వెళ్ళే ప్రతివాడూ ‘మెడికల్’కు వెళ్తాడు. గుర్తింపు పొందిన కేంద్రంలో జరిగే ఆ పరీక్ష ఫలితాన్ని ఊళ్ళో రెండే మాటల్లో చెప్పుకుంటారు: ఫిట్, అన్‌ఫిట్. కాని ఆ పత్రంలో ఎక్స్‌రే, అంటువ్యాధుల గడులతోపాటు బీపీకి, మూత్రంలో ఆల్బుమిన్‌కు, క్రియాటినిన్‌కు కూడా గడులున్నాయి. 1870లలో మొహమద్ తన రోగులగురించి తెలుసుకోగోరినవి దాదాపు ఇవే. ఇరవై అయిదేళ్ళ వయసులో, తేదీతో సహా, మూత్రపిండాలు బాగున్నాయని చెప్పే పత్రం అది. వీసా ముద్ర పడగానే దాని పని అయిపోతుంది. తిరిగివచ్చేవారికి అలాంటి పరీక్ష ఏదీ తప్పనిసరి కాదు. పదిహేనేళ్ళ తరువాత రాయచోటిలోనో సోంపేటలోనో డాక్టరు ముందు కూర్చున్నవాణ్ణి ఆ పాత పత్రం ఎవరూ అడగరు. పాత పాస్‌పోర్టుతో కలిపి ఇంట్లో ఎవరైనా దాచి ఉంటే, ఏది ముందు అన్న ప్రశ్నకు ఆ మనిషి విషయంలో దొరికే మొదటి తేదీ అదే.